దెబ్బ ఎలా తగిలిందో ప్రతిసారీ చెప్పాలి

ఫంక్షన్ హాలు పార్కింగ్‌లో ఒక కారు మలుపు తిరుగుతోంది అనుకుందాం. పక్క వరసలోంచి మోటార్ సైకిల్ వేగంగా వచ్చి ఎడమవైపు తలుపును గుద్దింది. బండి మీది కుర్రాడు ఎగిరిపడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అతని దగ్గరికే పరిగెత్తారు. అది సరైన పనే. ఇలాంటి గుద్దులో ఎక్కువ ప్రమాదం అతనికే. కారులో డ్రైవరు పక్క సీటులో ఉన్న పెద్దావిడ మెల్లగా దిగి, చీర మీది గాజు ముక్కలు దులుపుకుంది. "నాకేం కాలేదు, ముందు ఆ అబ్బాయి సంగతి చూడండి" అంది.

ఈ వ్యాసం ఆ పెద్దావిడ లాంటివాళ్ల గురించి. రోడ్డు కాని చోట బైకు వచ్చి కారును గుద్దితే లోపలి ప్రయాణికులకు ఏ దెబ్బలు తగులుతాయి, మొదటి రోజు చికిత్స అయిపోయాక వాళ్లకు ఏం వైద్యం కావాలి అన్నది విషయం. ఇంటికి వచ్చాక మళ్లీ మళ్లీ వెళ్లి చూపించుకోవడాన్ని ఫాలో-అప్ (అనంతర వైద్యం) అంటారు. మన దగ్గర ఎక్కువగా తెగిపోయేది ఈ దారమే.

తెగిపోవడానికి కారణం ఉంది. హైవే మీద ప్రమాదం జరిగితే పోలీసులు వస్తారు, 108 వస్తుంది, ఆస్పత్రిలో కేసు రాస్తారు. మామిడితోటలోనో, కల్లం దగ్గరో, అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనో, కాలేజీ ఆవరణలోనో జరిగితే ఎవరూ రారు. గుద్దినవాడు చాలాసార్లు తెలిసినవాడే. పెదనాన్న కొడుకో, పాలేరు కొడుకో, పై ఫ్లాటు కుర్రాడో. "మనవాడే కదా, కేసు ఎందుకు" అని పెద్దలు సర్ది చెబుతారు. ఆస్పత్రికి వెళ్లినా "మెట్ల మీద జారిపడింది" అని రాయిస్తారు. రాజీపడటంలో తప్పు లేదు. డాక్టరుకు అబద్ధం చెప్పడంలోనే ప్రమాదం ఉంది. మెట్ల మీద జారిన మనిషికి డాక్టరు మణికట్టు, తుంటి చూస్తాడు. కారు తలుపు పక్కనుంచి లోపలికి చొచ్చుకొచ్చి తగిలిన మనిషికి పక్కటెముకలు, పొట్ట, మెడ చూస్తాడు. ఎక్కడ వెతకాలో చెప్పేది దెబ్బ తగిలిన తీరే.

అమెరికా ఆస్పత్రులు ఈ సంగతిని ఒక పద్ధతిగా మార్చుకున్నాయి. దాని గురించి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేసే వేలమందికి బాగా తెలుసు. అమెరికా డాక్టర్లు రాసిన నోట్సును వీళ్లు చదివి, ప్రతి జబ్బుకూ, ప్రతి గాయానికీ ఒక సంకేతం వేస్తారు. 2015 అక్టోబర్ 1 నుంచి అక్కడ వాడుతున్న ఆ సంకేతాల పట్టికను ఐసీడీ-10-సీఎం అంటారు. అందులో వి42.1 అనే సంకేతం ఉంది. రెండు లేదా మూడు చక్రాల మోటారు వాహనంతో ఢీకొన్నప్పుడు, ప్రజా రహదారి కాని చోట, గాయపడిన కారు ప్రయాణికుడు అని దాని అర్థం. చివర ఒక అక్షరం చేరుతుంది. చికిత్స జోరుగా సాగుతున్న దశకు ఎ. గాయం మానుతున్న దశకు డి. మానిన తర్వాత మిగిలిపోయిన లోపానికి ఎస్. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎ అంటే మొదటి విజిట్ అనుకుంటారు. అది విజిట్ల లెక్క కాదు, చికిత్స ఏ దశలో ఉందన్న లెక్క. కట్టు మార్చడం, ఎముక అతుక్కుందో లేదో ఎక్స్‌రే తీయడం, లోపల పెట్టిన రాడ్ తీయడం, మందుల మోతాదు సవరించడం, ఇవన్నీ డి కిందికి వస్తాయి.

ఇందులో నన్ను ఆకట్టుకున్న నియమం ఒకటుంది. ప్రమాదం ఎక్కడ జరిగింది, అప్పుడు ఏం చేస్తున్నారు అన్న వివరాలు మొదటిసారి రాస్తే చాలు. ఎలా జరిగింది అన్న సంకేతాన్ని మాత్రం ఆ గాయానికి చికిత్స జరిగే ప్రతి విజిట్‌లోనూ వేయాలి. ఆరు వారాల తర్వాత వచ్చిన రోగి పక్కన కూడా ఆ బైకు గుద్దు నమోదై ఉంటుంది. కొత్త డాక్టరు చూసినా కథ మొదటినుంచి వెతుక్కోనక్కర్లేదు. మన ఓపీ చీటీల్లో ఇది జరగదు. రెండోసారి వెళ్లినప్పుడు చీటీ మీద "భుజం నొప్పి" అని మాత్రమే ఉంటుంది. కాబట్టి ఆ పని రోగి నోటితోనే జరగాలి.

ఇంతకీ బైకు గుద్దితే కారులోని మనిషికి ఏమవుతుంది? చిన్న లెక్క వేద్దాం. బండి, మనిషి కలిపి 210 కిలోలు. గంటకు 40 కిలోమీటర్ల వేగం. కారు, లోపలివాళ్లు కలిపి 1,360 కిలోలు. కారు ఆగి ఉంది. గుద్దిన తర్వాత రెండూ కలిసి కదిలితే కారుకు వచ్చే వేగం గంటకు 5, 6 కిలోమీటర్లు మాత్రమే. అంటే మనిషి నడక వేగం. అందుకే కారులోవాళ్లు "చిన్న కుదుపు" అంటారు. కారు మొత్తానికి అది నిజం. తలుపుకు నిజం కాదు. బైకు ముందు చక్రం, ఫోర్కు ఒకేచోట, చిన్న వెడల్పులో తగులుతాయి. కారుకు ముందు భాగంలో ఇంజిన్ ఉంటుంది, నలగడానికి చోటుంటుంది. పక్క నుంచి వస్తే రేకుకూ మనిషికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. తలుపు లోపలికి నొక్కుకుని వచ్చి పక్కటెముకలకు, తుంటికి తగులుతుంది. తల పక్కకు ఊగి అద్దానికో, రెండు తలుపుల మధ్య ఉండే స్తంభానికో కొట్టుకుంటుంది. పైగా రోడ్డెక్కలేదు కదా అని చాలామంది సీటు బెల్టు పెట్టుకోరు. వెనక సీటులో అయితే ఆ ఆలోచనే రాదు. బెల్టు లేని మనిషి పక్క మనిషి మీద పడి, ఇద్దరికీ దెబ్బలు తగులుతాయి.

మన దేశంలో డ్రైవరు కుడివైపు, పక్క సీటు ఎడమవైపు. ఎడమ తలుపు నొక్కుకుపోతే ఆ ప్రయాణికుడి శరీరంలో ఎడమ పక్కటెముకలకు దెబ్బ తగులుతుంది. వాటి కింద స్ప్లీన్ (ప్లీహం) ఉంటుంది. రక్తంతో నిండిన మెత్తని అవయవం అది. దాని మీద చిన్న చీలిక వచ్చి, పై పొర కింద రక్తం గూడుకట్టి, మొదటి రోజు పెద్దగా నొప్పి లేకుండా ఉండిపోవచ్చు. కొన్ని రోజుల తర్వాత ఆ పొర తెగి కడుపులోకి రక్తస్రావం మొదలవుతుంది. ఇది అరుదు. జరిగితే మాత్రం ప్రాణాంతకం. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే జరుగుతుంది. గుర్తించడానికి ఒక విచిత్రమైన ఆనవాలు ఉంది. ఎడమ భుజానికి దెబ్బ ఏమీ లేకపోయినా అక్కడ నొప్పి వస్తుంది. కడుపులో చేరిన రక్తం డయాఫ్రమ్ (ఉదర వితానం)ను రేపుతుంది. ఆ నొప్పిని మోసే నరమూ, భుజం నుంచి వచ్చే నరాలూ మెడలో ఒకే చోట వెన్నుపాములో కలుస్తాయి. అందుకే మెదడు దాన్ని భుజం నొప్పిగా తీసుకుంటుంది. కళ్లు తిరగడం, చెమటలు, కడుపు బిగువు తోడైతే తెల్లారేదాకా ఆగకూడదు. ఇప్పుడు ఆ "భుజం నొప్పి" చీటీని మళ్లీ గుర్తు చేసుకోండి. తలుపు గుద్దిన సంగతి తెలియని డాక్టరు దానికి నొప్పి మాత్ర రాసి పంపితే అతని తప్పేముంది?

ప్లీహానికి చీలిక ఉందని స్కానింగ్‌లో తేలితే ఇప్పుడు చాలామందిని ఆపరేషన్ లేకుండానే గమనిస్తూ మాన్పుతున్నారు. అలాంటివాళ్లు బరువులు ఎత్తడం, ఆటలు, గతుకుల దారి ప్రయాణాలు కొన్ని వారాలు మానాలి. ఎన్ని వారాలన్నది చీలిక తీవ్రతను బట్టి సర్జను చెబుతారు. ప్లీహాన్ని తీసేయాల్సి వస్తే మరో బాధ్యత మిగులుతుంది. ప్లీహం లేని శరీరం కొన్ని రకాల బ్యాక్టీరియాను ఎదుర్కోలేదు. న్యుమోకోకల్, మెనింజోకోకల్, హిబ్ టీకాలు వేయించాలి. వీటిని సాధారణంగా ఆపరేషన్ అయిన రెండు వారాలకు మొదలుపెడతారు. కుట్లు విప్పించుకుని వచ్చేశాక ఈ టీకాల సంగతి మరిచిపోయే ప్రమాదం ఎక్కువ. ఆ మనిషికి తర్వాత ఎప్పుడు చలిజ్వరం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి, ప్లీహం లేదని ముందుగా చెప్పాలి.

పక్కటెముకలు విరిగితే ప్లాస్టర్ వేయరు. ఛాతీ చుట్టూ గట్టిగా గుడ్డ కట్టడం పాత అలవాటు. అది హాని చేస్తుంది. నొప్పికి భయపడి మనిషి పైపైనే శ్వాస తీస్తాడు. ఊపిరితిత్తుల అడుగున కఫం పేరుకుని నిమ్ము చేస్తుంది. పెద్దవాళ్లకు విరిగిన ఎముక కంటే ఈ నిమ్మే ఎక్కువ ముప్పు. అందుకే నొప్పి మాత్రలు నొప్పి వచ్చాక కాకుండా డాక్టరు చెప్పిన వేళకు వేసుకోవాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంట గంటకూ కొన్నిసార్లు నిండుగా ఊపిరి తీయాలి. ఎముక అతకడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది. మొదటి ఎక్స్‌రేలో కొన్ని విరుగుళ్లు కనిపించవన్నది కూడా తెలిసి ఉండాలి. "ఎక్స్‌రే బాగానే ఉంది" అన్న మాట ఆ రోజుకే వర్తిస్తుంది.

బెల్టు పెట్టుకున్నవాళ్లకు పొట్ట మీద అడ్డంగా కమిలిన గుర్తు పడితే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పేగుకు గాయమైతే ఒకటి రెండు రోజులకు గానీ బయటపడకపోవచ్చు. నొప్పి తగ్గాల్సింది పోయి పెరగడం, వాంతులు, జ్వరం, ఉబ్బరం దానికి గుర్తులు. బెల్టు వల్లే దెబ్బ తగిలిందని దాన్ని నిందించడం మాత్రం అన్యాయం. బెల్టు లేకపోతే జరిగేది దానికంటే ఎక్కువ.

తల విషయానికి వస్తే రెండు వేర్వేరు ప్రమాదాలున్నాయి. మొదటిది కంకషన్ (మెదడు అదురు). సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించదు. అయినా తలనొప్పి, మగత, మాట మధ్యలో మరచిపోవడం, వెలుతురు, శబ్దం భరించలేకపోవడం, చిరాకు ఉంటాయి. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆ తర్వాత కొద్దికొద్దిగా మామూలు పనుల్లోకి రావడం దీనికి వైద్యం. వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెడితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. పెద్దల్లో చాలామంది రెండు వారాల్లో, పిల్లల్లో చాలామంది నాలుగు వారాల్లో కోలుకుంటారు. అంతకు మించితే మళ్లీ చూపించాలి.

రెండోదే నన్ను ఎక్కువ కలవరపెట్టేది. వయసుతో మెదడు కొద్దిగా కుంచించుకుపోతుంది. మెదడుకూ కపాలానికీ మధ్య ఉండే సన్నని సిరలు సాగి నిలబడతాయి. చిన్న ఊపుకే ఒకటి తెగి, చాలా నెమ్మదిగా రక్తం చేరుతుంది. దీన్ని క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా (మెదడు పొరల మధ్య నిదానంగా గడ్డకట్టే రక్తం) అంటారు. లక్షణాలు బయటపడటానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవాళ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇంట్లో అది ఇలా కనిపిస్తుంది: నాయనమ్మ చెప్పు ఒక కాలికి సరిగ్గా ఎక్కదు, నడుస్తుంటే జారిపోతుంది. అన్నం కలుపుతూ మధ్యలో ఆగిపోతుంది. మధ్యాహ్నమంతా నిద్ర. అడిగితే "వయసైపోయింది" అంటారు. ప్రమాదం జరిగి నెల దాటింది కాబట్టి దానికీ దీనికీ ముడి పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. చాలామందిలో కపాలానికి చిన్న రంధ్రం చేసి ఆ రక్తం తీసేస్తే మనిషి మళ్లీ మామూలుగా నడుస్తాడు. ముసలితనం అనుకుని వదిలేయడం అంత సులువుగా నయమయ్యే అవకాశాన్ని పోగొట్టుకోవడమే. కాబట్టి అరవై దాటినవాళ్లు కారులో ఉంటే, తలకు దెబ్బ తగలలేదని వాళ్లు చెప్పినా, రెండు మూడు నెలలు ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి. రక్తం పలచబరిచే మాత్రలను భయంతో సొంతంగా ఆపకూడదు. గుండె డాక్టరుకు ప్రమాదం సంగతి చెప్పి అడగాలి.

మెడ నొప్పి చాలామందికి మర్నాడే మొదలవుతుంది. అకస్మాత్తుగా ఊగినప్పుడు సాగిన కండరాలు రాత్రికి రాత్రి బిగుసుకుంటాయి. కాలర్ నెలల తరబడి పెట్టుకుంటే కండరాలు బలహీనపడతాయి. డాక్టరు ఎముక విరగలేదని తేల్చాక మెడను మెల్లగా కదిలించడమే మేలు. చేతుల్లో తిమ్మిరి, పట్టు తప్పడం, మూత్రం అదుపు తప్పడం ఉంటే మాత్రం అది కండరం సంగతి కాదు, వెంటనే వెళ్లాలి.

ఇక గాజు, మట్టి. కారు పక్క అద్దాలు పగిలితే చిన్న చిన్న పలుకులుగా రాలతాయి. అందువల్ల లోతైన కోతలు తక్కువ. కానీ ఒక పలుకు చర్మం కింద మిగిలిపోయి, గాయం మానినట్టే మాని మళ్లీ చీము పట్టవచ్చు. గాజు ఎక్స్‌రేలో కనిపిస్తుంది. "అద్దం పగిలింది" అని చెబితేనే తీయిస్తారు. తోటలోనో, పశువుల చావిడి దగ్గరో తగిలిన గాయంలో పేడమట్టి చేరితే ధనుర్వాతం భయం ఉంటుంది. టీటీ ఇంజెక్షన్ ఒకటి వేయించుకుంటే అయిపోయిందని చాలామంది అనుకుంటారు. చిన్నప్పుడు టీకాల వరస పూర్తయినవాళ్లకు ఒక బూస్టర్ సరిపోతుంది. మురికి గాయమైతే, ఆఖరి డోసు వేసి ఐదేళ్లు దాటిందా అని చూస్తారు. అసలు వరసే పూర్తికానివాళ్లకు అదే రోజు ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా తయారైన రక్షక ద్రవ్యం) కూడా కావచ్చు. తర్వాత నాలుగు వారాలకు రెండో డోసు, ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మూడోది. అమ్మలకు కాన్పుల సమయంలో టీటీ పడి ఉంటుంది. ఆ వయసు నాన్నలకు చాలామందికి పడిన గుర్తే ఉండదు.

ఎముక విరిగి ప్లాస్టర్ వేస్తే మొదటి వారంలోనే మళ్లీ ఎక్స్‌రే ఎందుకని విసుక్కుంటారు. వాపు తగ్గాక ప్లాస్టర్ వదులవుతుంది, సరిచేసిన ఎముక మళ్లీ జరగవచ్చు. తొందరగా పట్టుకుంటే సర్దవచ్చు, అతుక్కున్నాక అయితే మళ్లీ విరగ్గొట్టాలి. వేళ్లు నల్లబడటం, మొద్దుబారడం, మాత్రకు తగ్గని నొప్పి ఉంటే రేపటిదాకా ఆగకుండా కట్టు విప్పించాలి. పుత్తూరు కట్టు మీద మనవాళ్లకు తరాల నమ్మకం ఉంది. దాన్ని వెటకారం చేయడం నాకు ఇష్టం లేదు. అయితే ఎముక చర్మాన్ని చీల్చుకు వచ్చిన గాయాలకు, కీలు దగ్గర విరిగినవాటికి, లోపల ప్లేటు వేసిన కాళ్లకు ప్లాస్టర్ విప్పించుకుని కట్టు కోసం వెళితే చేయి, కాలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. మంచం పట్టిన మనిషి కాలి పిక్కలో వాపు, నొప్పి వచ్చి, తర్వాత ఆయాసం మొదలైతే సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరిందేమో చూడాలి.

గర్భిణి కారులో ఉంటే దెబ్బ ఎంత చిన్నదైనా ఆస్పత్రిలో కనీసం నాలుగు గంటలు బిడ్డ గుండె చప్పుడు గమనించాలి. మాయ గర్భసంచి నుంచి విడిపోవడం పైకి కనిపించదు. ఆమె రక్తం నెగటివ్ గ్రూపు అయితే 72 గంటల్లోపు యాంటీ-డీ ఇంజెక్షన్ అవసరమా అని అడగాలి.

మనసుకు తగిలిన దెబ్బ ఎవరి చీటీలోనూ ఉండదు. డ్రైవరు చేతిలో స్టీరింగ్ ఉంటుంది, ఏదో ఒకటి చేశాననుకుంటాడు. ప్రయాణికుడికి గుద్దు రావడం చూడటం తప్ప మరో పని లేదు. అందువల్ల తర్వాత కారెక్కగానే ఉలిక్కిపడటం, పక్కన బైకు శబ్దం వినగానే కాళ్లు బిగబట్టడం, రాత్రి అదే దృశ్యం రావడం మామూలే. నెలలోపు చాలామందికి తగ్గుతుంది. నెల దాటినా ఉంటే అది బలహీనత కాదు, చికిత్స ఉన్న జబ్బు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. కారు నడిపింది కొడుకే అయితే, ఆ మాట ఎత్తితే వాడు బాధపడతాడని అమ్మ దాచుకుంటుంది. అలాంటప్పుడు అడగాల్సింది కొడుకే.

ఖర్చు సంగతి చివరికి వస్తుంది కానీ ఫాలో-అప్‌ను ఆపేది ఎక్కువసార్లు అదే. రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స కోసం కేంద్రం 2025 మే 5న ఒక పథకాన్ని నోటిఫై చేసింది. ఒక్కొక్కరికి 1.5 లక్షల రూపాయల వరకు, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు వర్తిస్తుంది. ఎనిమిదో రోజు నుంచి మొదలయ్యే వైద్యమే మనం ఇంతసేపూ చెప్పుకున్నది. పైగా అది రోడ్డు మీది ప్రమాదాలకు ఉద్దేశించింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేరినవాళ్లు ప్యాకేజీలో తర్వాతి విజిట్లు, మందులు ఎంతవరకు వస్తాయో డిశ్చార్జికి ముందే ఆరోగ్యమిత్రను అడగాలి.

రోడ్డు కాదు కాబట్టి నష్టపరిహారం రాదని అనుకోవడం పూర్తిగా నిజం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 2(34) సెక్షన్ ప్రకారం ప్రజలకు వెళ్లే హక్కు ఉన్న ఏ దారైనా, చోటైనా బహిరంగ స్థలమే. పొలాల మధ్య పుంత, చెరువు గట్టు మీద అందరూ నడిచే బాట రోడ్డులా కనిపించకపోయినా దాని కిందికి రావచ్చు. సొంత తోటలోనో, గేటున్న ఆవరణలోనో జరిగితే వాదన తప్పదు. గుద్దిన బైకుకు థర్డ్ పార్టీ బీమా ఉంటే, కారులోని ప్రయాణికుడు దాని దృష్టిలో మూడో పక్షమే. అయితే మొదటి రోజు చీటీలో "జారిపడింది" అని ఉంటే ఈ తలుపు అక్కడే మూసుకుపోతుంది. అందుకే రాజీ ఆలోచన ఉన్నా, ఆస్పత్రిలో ఎంఎల్‌సీ (వైద్య న్యాయ కేసు నమోదు) నిజం రాసి చేయించాలి. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ ఫిల్ములు, మందుల బిల్లులు, ఫిజియోథెరపీ రసీదులు ఒకే కవరులో ఉంచి ప్రతి విజిట్‌కూ తీసుకెళ్లాలి.

మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌లో దరఖాస్తుకు ఆరు నెలల గడువును ఆ చట్టానికి 2019లో చేసిన సవరణ తెచ్చింది. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ గడువు దరఖాస్తుకే, పరిష్కారానికి కాదు. వైకల్యం ఎంత శాతం అన్నది ఎముక అతికి, ఫిజియోథెరపీ ముగిసి, ఇక మెరుగయ్యేది లేదని డాక్టరు తేల్చాకే సరిగ్గా లెక్కకు వస్తుంది. లోక్ అదాలత్‌లో ఒకసారి రాజీ తీర్పు అయితే దాని మీద అప్పీలు ఉండదు. ముందే దరఖాస్తు పెట్టి, గాయం పూర్తిగా మానేదాకా రాజీ కాగితం మీద సంతకం వాయిదా వేయవచ్చు.